భుజం మీది ముడి

మన్యం ఆడవాళ్ల ఒంట్లో సిగ్గుపడాల్సింది ఏదో ఉందని మొదట అనుకున్నది మన్యం వాళ్లు కాదు. ఆ సిగ్గు కింది నుంచి ఘాటీ ఎక్కి వచ్చింది. నేను లంబసింగిలో పుట్టి, ఏజెన్సీ బడుల్లో ఉద్యోగమంతా తెలుగు చెప్పినదాన్ని. స్త్రీవాద కవిత్వం గురించీ, బొమ్మల్లో ఆడదాని నగ్నత్వం గురించీ మైదానంలో ఎంతో చర్చ జరిగింది. మా కొండల చరిత్రను కూడా అందులో కలిపి చూడాలి.

మా అవ్వ కాలంలో ఇక్కడ రవిక లేదు. ఒకటే ముతక చీర. మోకాళ్ల పైకి బిగించి నడుముకు చుట్టి, మిగిలిన చెంగును రొమ్ము మీదుగా తెచ్చి భుజం మీద ముడి వేసేది. ఆ ముడి పని కోసం పుట్టింది. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. పోడు కొండ ఎక్కొచ్చు, కత్తి పట్టొచ్చు, అడ్డాకుల మోపు నెత్తికెత్తుకోవచ్చు. బిడ్డ ఏడిస్తే ముడి కాస్త వదులు చేసి చోడి చేను గట్టు మీదే పాలు పట్టేది. పక్కనే మగవాళ్లు పని చేసుకుంటూ ఉండేవారు. ఎవరూ తల తిప్పేవారు కాదు. అరకు, ముంచింగిపుట్టు వైపు గదబ స్త్రీలైతే చెట్టు నార తీసి, ఎరుపు, నీలం, తెలుపు చారలతో కెరంగ్ గుడ్డ తామే నేసుకునేవారు. తన బట్ట తానే నేసుకునే మనిషికి ఒళ్లు ఎంత కప్పాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

చెప్పేవాళ్లు వచ్చారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. తలలు కొలిచాడు, ముక్కులు కొలిచాడు, ఫొటోలు తీయించాడు. ఆ ఫొటోల కింద తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. అంతకు ముందే, 1891లో, పాల్ గోగాఁ ఫ్రాన్సు నుంచి తాహితీ దీవికి వెళ్లి అక్కడి అమ్మాయిలను అర్ధనగ్నంగా చిత్రించడం మొదలుపెట్టాడు. ఒకటి శాస్త్రం అయింది, ఇంకొకటి కళ అయింది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి మాట రెండింటిలోనూ లేదు. 1934లో అమృతా షేర్‌గిల్ ఆ తాహితీ అమ్మాయి స్థానంలో తననే నిలబెట్టుకుని, నడుము వరకు బట్ట లేకుండా తన బొమ్మ తానే గీసుకుంది. నిలబడిందీ ఆమే, కుంచె పట్టిందీ ఆమే. నగ్నత్వం అదే అయినా, అక్కడ అధికారం చేతులు మారింది.

తెలుగు కవిత్వంలో ఈ అధికారం కోసం పోరు ఇంకా పాతది. ప్రబంధ కవులు నాయికను నఖశిఖపర్యంతం వర్ణిస్తే మనం ఛందస్సు చెప్పుకుని, అలంకారాలు చెప్పుకుని, మార్కులు వేశాం. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని 18వ శతాబ్దంలో 'రాధికాసాంత్వనము' రాసి, కోరికను ఆడదాని వైపు నుంచి చెప్పింది. వీరేశలింగం గారంతటి సంస్కర్త దాన్ని అసభ్యమన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి వావిళ్ల వారి చేత అచ్చు వేయించి, సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు వర్తించదా అని నిలదీసింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగడానికి 1947లో ప్రకాశం పంతులుగారు రావలసివచ్చింది.

అయినా బుద్ధి మారలేదు. 1980ల్లో జయప్రభ 'చూపులు' రాసి, వీధిలో ఒంటిని గుచ్చే మగ చూపుకు చూపుతోనే జవాబు చెప్పారు. 1988లో 'పైటను తగలెయ్యాలి' అన్నారు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్'లోని నొప్పిని కవిత్వంలోకి తెచ్చారు. వాళ్ల మీద నీలి కవిత్వం అని ముద్ర వేశారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితా సంకలనం 'నీలిమేఘాలు' పేరుతోనే వచ్చింది. ఆ రోజుల్లోనే, 1989లో, న్యూయార్కులో గెరిల్లా గర్ల్స్ అనే కళాకారిణుల బృందం మెట్రోపాలిటన్ మ్యూజియంలో లెక్క తీసింది. ఆధునిక విభాగాల్లో కళాకారిణులు 5 శాతం కన్నా తక్కువ, నగ్నచిత్రాల్లో 85 శాతం ఆడవాళ్లవి. ఆడవాళ్ల ఒళ్లు గోడ మీద కావాలి గానీ ఆడవాళ్ల చెయ్యి అక్కర్లేదన్నమాట.

మా కొండ మీద కథ తిరగబడి నడిచింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్లే దారి పనుల్లో డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ పెట్టిన వెట్టి, అల్లూరి పితూరీకి ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగింది. పితూరీ అణిగింది, రోడ్డు మిగిలింది. ఆ రోడ్డు మీదుగా బడి, ఆస్పత్రి, షావుకార్లు, వాళ్లతో పాటు రవికా వచ్చాయి. బడి మాకు అక్షరం ఇచ్చింది, దానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. అదే బడి, ముడి విప్పి పైట వేసుకోవడం నాగరికత అనీ నేర్పింది. మైదానంలో కవయిత్రులు పైటతో పోరాడుతున్న రోజుల్లోనే, మా ఆడపిల్లలు పైట నేర్చుకుంటున్నారు. అవ్వను చూసి మనవరాలు సిగ్గుపడడం మొదలైంది అప్పుడే.

ఒళ్లు కప్పుకున్నంత మాత్రాన రక్షణ దొరకలేదు. 2007 ఆగస్టు 20న జి. మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుబట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు తమ ఒంటి గురించి తామే సాక్ష్యం చెప్పిన స్త్రీలు వాళ్లు. నా దృష్టిలో స్త్రీవాదం అన్న మాటకు వాళ్లకన్నా ఎక్కువ హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు శీతాకాలం వస్తే మా లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద మంచు చూడడానికి వేలమంది ఎక్కి వస్తున్నారు. అరకు దగ్గర మాడగడలో పర్యాటకులు మా భుజం ముడి చీరను అద్దెకు కట్టుకుని, థింసా అడుగులు వేసి ఫొటోలు దిగుతున్నారు. మావాళ్లకు నాలుగు డబ్బులొస్తే నాకు సంతోషమే. కానీ ఆ ముడిని సరదాగా కట్టుకునేవాళ్లకు దాని వెనకున్న ఆడవాళ్ల కథ తెలియాలి. ఫొటో తీసే ముందు ఆ మనిషిని పేరు అడగండి. వద్దంటే కెమెరా దించండి.

సాటి తెలుగు టీచర్లకు ఒక మనవి. ప్రబంధ వర్ణన చెప్పిన రోజే ముద్దుపళనినీ, జయప్రభనూ చెప్పండి. ఆ తర్వాత మా కొండ పిల్లల చేత కువిలో, గదబలో, ఆదివాసీ ఒడియాలో, తెలుగులో వాళ్ల అవ్వల బట్ట గురించీ, తమ ఒంటి గురించీ వాళ్ల మాటల్లోనే రాయించండి. తెలుగు స్త్రీవాద కవిత్వ చరిత్రకు మన్యం నుంచి రావలసిన అధ్యాయం అదే.