పేరు కొట్టివేసిన పట్టిక

నిరుడు నా పూర్వ విద్యార్థిని ఒకామె తిరుపతిలో కలిసింది. సత్యవేడు వైపు ఒక కర్మాగారంలో పని. "నేను పేరు రాయలేదు గదా సార్, నేనేనని వాళ్ళకెట్లా తెలిసింది?" అని అడిగింది. యాజమాన్యం అభిప్రాయ సేకరణ జరిపింది, పేర్లక్కరలేదన్నారు. ఆమె నమ్మి ఒక యిబ్బంది గురించి రాసింది. (ఏ యిబ్బందో, ఏ విభాగమో నేనూ చెప్పను. కారణం పాఠకులే గ్రహిస్తారు.) నివేదికలో పేరు లేదు. విభాగం, షిఫ్టు, స్త్రీయా పురుషుడా, ఎన్నేళ్ళ సర్వీసు - యీ గడులున్నాయి. అవన్నీ కలిసేచోట వున్నది ఒక్క మనిషి. వారం తిరక్కుండా ఆమెను వేరే పనికి మార్చారు.

కంప్యూటర్లు తెచ్చిన కొత్త జబ్బు యిది అంటారు కొందరు. కాదు. ఎవరి గుట్టు కాపాడాలన్న ప్రశ్న పాతదే. మొదట దొరికిన జవాబు యజమాని పక్షాన దొరికింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 118వ సెక్షను, వ్యాపార రహస్యాలను తనిఖీ అధికారి బయటపెట్టరాదన్నది. ఫిర్యాదు చేసిన కార్మికుడి పేరు మాటేమిటి? దాన్ని గోప్యంగా వుంచాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడికను భారతదేశం 1949లోనే ధ్రువీకరించింది. అయినా ఆ మాట 118-ఎ సెక్షనుగా మన చట్టంలోకి ఎక్కింది 1987లో! మధ్య 38 ఏళ్ళు. 1953 నాటి గణాంక సేకరణ చట్టమూ అంతే: యజమాని లిఖితపూర్వకంగా ఒప్పుకోనిదే ఫలానా సంస్థ అని తెలిసేట్టు వివరాలు ప్రచురించరాదు.

2008 చట్టం ఒక మెట్టు పైకెక్కింది. వివరాలిచ్చిన వారిని, మిగతావారిని ఒక్కొక్కరినే తీసివేసుకుంటూ పోయినా పోల్చుకోలేనట్టు పట్టికలు అమర్చాలన్నది. అసలు కీలకం యిక్కడే వుంది. విభాగం మొత్తం 12 మంది సగటు ఒక కాగితంలో, పురుషులు 11 మంది సగటు మరో కాగితంలో యిస్తే, ఆ ఒక్క స్త్రీ జవాబు కనుక్కోవటానికి హైస్కూలు లెక్క చాలు. చిన్న గడిని చూపకపోవటమే కాదు, తీసివేతకు దారి లేకుండా పక్క గడులను కూడా కలపాలి. ప్రభుత్వ గణాంకాలకు యీ నియమం వుంది. యాజమాన్యం తన కోసం తాను రాసుకునే నివేదికకు లేదు. 2023 నాటి డిజిటల్ సమాచార రక్షణ చట్టమైతే, ఉద్యోగ ప్రయోజనాలకు సమ్మతి అడగనక్కరలేదన్నది.

యీ యేడు మళ్ళీ ఆ కాగితాలు పంచారట. ఆ షిఫ్టులో అందరూ అన్ని ప్రశ్నలకూ "సంతృప్తి" అనే రాశారని ఆమె చెప్పింది. ఆ ఫలితాలను గేటు దగ్గర గోడకు అతికించారట.