పూనా సేవకుల కట్టుబాట్లు

ప్రజాహితమునకై వెలసిన సంస్థల చరిత్రను వ్రాయువారు సాధారణముగా స్థాపకుని గుణగణములను, దాతల ఔదార్యమును, భవనముల శంకుస్థాపనలను వర్ణించి విరమింతురు. ఆ భవనములలో స్వల్ప జీతములకు పనిచేసినవారు ఒకరితో నొకరు ఎట్లు మెలగిరి, ఏ నియమములను తమకు తామే విధించుకొనిరి, ఆ నియమములపై తగవు వచ్చిన నాడు ఏమి జరిగెను అను విషయములు మరుగున పడియుండును. లాభాపేక్ష లేని సంస్థలో జీతము మనుష్యుని పట్టియుంచజాలదు. అందుకు మరియొకటి కావలెను. అది ఏర్పడిన తీరును 1880 మొదలు 1915 వరకు పూనా నగరమున, అనగా నేటి పుణెలో, చక్కగా చూడవచ్చును.

1880 జనవరిలో విష్ణుశాస్త్రి చిప్లూణ్కర్, బాల గంగాధర తిలక్ మొదలగువారు అచట న్యూ ఇంగ్లీషు స్కూలును ప్రారంభించిరి. మరుసటి సంవత్సరము గోపాల గణేశ అగర్కర్ వారితో చేరెను. 1884లో దక్కను ఎడ్యుకేషన్ సొసైటీయు, 1885లో ఫెర్గుసన్ కళాశాలయు వెలసెను. పాఠములు చెప్పువారే ఆ సంఘమునకు ఆజీవ సభ్యులు; దైనందిన పాలనము వారి చేతులలోనిదే. 1866లో జన్మించిన గోపాలకృష్ణ గోఖలే ఇరువదియేండ్ల ప్రాయమున అందు ఆజీవ సభ్యుడై, నెలకు 75 రూపాయల జీతముతో 20 సంవత్సరములు పనిచేయుదునని మాట యిచ్చెను.

తగవు ఆ జీతము దగ్గరనే పుట్టెను. సంసారములు పెరిగిన కొలది అది చాలుట లేదని అగర్కర్ మొదలగు కొందరనిరి. తిలక్ సమ్మతింపలేదు. ఆజీవ సభ్యుడు జెసూయిట్ సన్న్యాసులవలె తన కాలమునంతను సంస్థకే ధారవోయవలెననియు, బయటి సంపాదనకు, బయటి పదవులకు ఆశపడరాదనియు ఆయన వాదము. ఒప్పుకొన్న పని సక్రమముగా చేసిన పిమ్మట మిగిలిన వేళ సభ్యుని సొంతమేయని రెండవ పక్షము వారి సమాధానము. 1890లో గోఖలే సార్వజనిక సభకు కార్యదర్శి కాగా ఈ వివాదము ముదిరి పాకమున పడెను. ఆ సంవత్సరాంతమున తిలక్, తాను పురుడు పోసిన సంస్థనే వీడి వెడలిపోయెను. సంఘ సంస్కారమును గూర్చి తిలక్, అగర్కరుల నడుమ నున్న విభేదమే ఇందులకు మూలమని చెప్పువారు కలరు. అదియు కొంత నిజమే. కాని ఇంటి ఖర్చు, సంస్థ గౌరవము, మనిషి సమయము అను మూడింటి నడుమ ఆనాడు తెగని చిక్కు ఒకటుండెను. దానిని కేవలము సిద్ధాంతభేదమని త్రోసివేయుట ఆ సభ్యులకు అన్యాయము చేయుటయే యగును.

గోఖలే 1902లో కళాశాల కొలువు చాలించెను. 1905 జూన్ 12వ తేదీన, ఆ కళాశాల సమీపముననే, భారత సేవక సంఘమును స్థాపించెను. తాను ముందు ప్రతిజ్ఞ గైకొని, పిదప నటేశ అప్పాజీ ద్రవిడ్, గోపాలకృష్ణ దేవధర్, అనంత వినాయక పట్వర్ధన్ అను మువ్వురిచేత చేయించెను. (1952లో ఏర్పడిన భారత సేవక సమాజము వేరు, పేర్ల పోలికచే పాఠకులు భ్రమపడరాదు.) ప్రతిజ్ఞలు ఏడు. దేశమునకు ప్రథమ స్థానము, స్వలాభ రాహిత్యము, కుల మత భేదము లేక సర్వ భారతీయులయెడ సోదరభావము, పరిశుద్ధ జీవనము, సంఘ లక్ష్యములయెడ జాగరూకత ఇవి ఎవరైనను ఊహింపదగినవే. తక్కిన రెండును ఆలోచింపదగినవి. సంఘము తనకును తన కుటుంబమునకును ఏర్పాటు చేయగలిగిన దానితో తృప్తిపడి, ధనార్జనకై తన శక్తిలో ఏ భాగమును వినియోగింపననునది ఒకటి. ఎవరితోను వ్యక్తిగతమైన కలహము పెట్టుకొననని రెండవది. 1890 నాటి గాయము మానలేదనుటకు ఈ రెండు వాక్యములే నిదర్శనమని నా యభిప్రాయము. తిలక్ కోరిన నియమమునే, ఆనాడు ఆయనకు ఎదుటి పక్షమున నిలిచిన గోఖలే, పదునైదేండ్ల తరువాత తన సంఘమునకు పునాది చేసికొనెను!

గోఖలే అధ్యక్షుడనిపించుకొనక ప్రథమ సభ్యుడనిపించుకొనెను. క్రొత్తగా చేరినవానికి ఐదేండ్ల శిక్షణ. అందు మూడేండ్లు పూనాలో చదువు, రెండేండ్లు దేశాటనము. ఆ కాలమంతయు ప్రథమ సభ్యుని ఆజ్ఞకు లోబడవలెను. పేరు వినయమైనదే కాని అధికారము వినయమైనది కాదు. అయినను 1907లో మద్రాసు తిరువళ్లిక్కేణి హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు శ్రీనివాస శాస్త్రి, 1909లో నారాయణ మల్హార్ జోషి, హృదయనాథ్ కుంజ్రూ, 1914లో బొంబాయి మునిసిపాలిటీ ఇంజనీరు ఠక్కర్ బాపా వచ్చి చేరిరి. అట్టివారు విధేయతకొరకు మాత్రమే వచ్చియుండరు.

వారి స్వాతంత్ర్యమునకు పరీక్ష 1915లో వచ్చెను. ఆఫ్రికానుండి తిరిగివచ్చిన గాంధీజీ సంఘమున చేరవలెనని గోఖలే ఆకాంక్ష. ఆయన పద్ధతులు తమ పద్ధతులతో పొసగునాయని సభ్యులకు సందేహము. గురువు కోరినాడు కదాయని వారు తల యూపలేదు; ఆయనయు నిర్బంధింపలేదు. గాంధీజీకి సభ్యులొకనాడు పండ్లు, వేరుసెనగలు, ఖర్జూరములతో చిన్న విందు చేసిరి. గోఖలే అనారోగ్యమును లెక్కసేయక వచ్చి అచట మూర్ఛిల్లెను. తెలివి రాగానే విందు సాగనిండని కబురంపెను. ఫిబ్రవరి 19వ తేదీన ఆయన మరణించెను. పిదప గాంధీజీని చేర్చుకొను విషయమున సభ్యులు రెండుగా చీలిరి. కేవలము సంఖ్యాబలముచే ప్రవేశించుట తగదని తలచి ఆయన తన దరఖాస్తును ఉపసంహరించుకొనెను. పాతికేండ్ల క్రింద అదే నగరమున తెగిన బంధము ఈసారి తెగలేదు. శ్రీనివాస శాస్త్రి అధ్యక్షుడయ్యెను. ఠక్కర్ బాపా సంఘ సభ్యుడుగానే యుండి, 1932లో గాంధీజీ ప్రేరణచే ఏర్పడిన హరిజన సేవక సంఘమునకు ప్రధాన కార్యదర్శియై, రెండు సంస్థల పనిని భుజముల మోసెను.