వంశవృక్షము – కంప్యూటరు

తాత పేరు చెప్పలేనివారు అరుదు. ముత్తాత పేరు కొందరే చెప్పగలరు. ఆయన తండ్రి పేరు అడిగినచో సాధారణముగా మౌనమే సమాధానము. కుటుంబపు జ్ఞాపకము మూడు తరములతో ఆగిపోకుండుటకు మానవుడు ప్రతి యుగమునందును ఒక సాధనమును కల్పించుకొనెను.

తెలుగుదేశమున రాజుల వంశక్రమములు శాసనములకెక్కినవి. కావ్యావతారికలలో కృతిపతుల వంశవర్ణన చోటు చేసుకొన్నది. సామాన్య గృహస్థులకు ఆ భాగ్యము లేదు. వారి వంశక్రమములను నోటిలో నిలిపినవారు వేరే కలరు. భట్రాజులు, నేడు వంశరాజులని పిలువబడు పిచ్చుకుంట్లవారు ఊరూర తిరిగి, గోత్రములను పూర్వుల పేర్లను వల్లించెడివారు. ఆ వృత్తి క్షీణించిన కొలది ఆ జ్ఞాపకమును చెదరిపోయినది.

ఐరోపాలో 1590లో మిఖాయేల్ ఐట్సింగర్ అను చరిత్రకారుడు పూర్వులకు సంఖ్యలిచ్చు సులభ పద్ధతిని ప్రకటించెను. బాలుడు 1, తండ్రి 2, తల్లి 3. ఎవరి సంఖ్యనైన రెట్టించిన తండ్రి సంఖ్య వచ్చును; దానికి ఒకటి కలిపిన తల్లి సంఖ్య వచ్చును. కనుక పితామహుడు 4, పితామహి 5, మాతామహుడు 6, మాతామహి 7. పది తరములు వెనుకకు పోయినచో 1024 స్థానములు ఏర్పడును.

అయితే అన్ని స్థానములలోను వేర్వేరు వ్యక్తులుండవలెనను నియమము లేదు. ఒకడు తన అక్క కుమార్తెను వివాహమాడెననుకొందము. వారి బిడ్డకు మాతామహియైన 7వ వ్యక్తి, తండ్రికి అక్కయే. కావున 4, 14 సంఖ్యలు ఒకే పురుషునివి. 5, 15 సంఖ్యలు ఒకే స్త్రీవి. ఇచట వృక్షము కొమ్మలుగా చీలుటయే కాక, చీలిన కొమ్మలు మరల కలిసికొనును. అమెరికా పండితుడు లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రకటించిన బంధుత్వ గ్రంథమునందు తెలుగు బంధువాచకములను గూడ చేర్చెను. మేనరికపు సమాజములో మేనమామయు మామగారును ఒకరే కావచ్చునను సంగతి మన భాషలోనే కలదు.

ఇక కంప్యూటరు కాలము. అమెరికాలోని లేటర్ డే సెయింట్స్ క్రైస్తవ సంఘము 1984లో ‘పర్సనల్ యాన్సెస్ట్రల్ ఫైల్’ అను ప్రోగ్రామును, ఒక ప్రోగ్రాము నుండి మరియొకదానికి వివరములను చేరవేయుటకు ‘గెడ్‌కామ్’ అను పద్ధతిని వెలువరించెను. 1989లో ‘ఫ్యామిలీ ట్రీ మేకర్’ వచ్చెను. 2001లో ఉచితమైన ‘గ్రాంప్స్’ ఆరంభమయ్యెను. వీనిలో మొదటి ప్రోగ్రాము 2013లో నిలిపివేయబడెను. రెండవదాని విక్రయమును ఆపుదుమని 2015లో యజమానులు ప్రకటింపగా, 2016లో అది మరియొక సంస్థ చేతికి పోయెను. ప్రోగ్రాము ఆయువు మనుష్యుని ఆయువు కంటె తక్కువ! వివరములను గెడ్‌కామ్ రూపమున వెలికితీసి దాచినవారి శ్రమ మాత్రమే ప్రోగ్రాముతో పాటు నశింపదు.

బాన్సువాడ ప్రాంతపు కుటుంబమొకటి ప్రోగ్రామును ఎన్నుకొనవలెననుకొందము. 1923–31 మధ్య మంజీరపై నిజాంసాగరు నిర్మింపబడినది. తరువాత ఆ ఆయకట్టుకు కోస్తా జిల్లాల రైతులు వలస వచ్చి ‘క్యాంపు’లలో స్థిరపడిరి. కనుక ఒక ఇంటిలోనే తల్లివైపు కాగితములు ఉర్దూలో ఫసలీ సంవత్సరములతోను, తండ్రివైపు కాగితములు తెలుగులో క్రీస్తుశకముతోను ఉండవచ్చును. ఫసలీ 1340 అనగా 1930–31. ఇక ముసలివారు ‘ప్రభవలో పుట్టినాడు’ అందురు. అది 1867 కావచ్చును, 1927 కావచ్చును; ఏలయన అరువది యేండ్లకొకసారి ఆ పేరు మరల వచ్చును. 2021 నాటి గెడ్‌కామ్ ఏడవ రూపము పేర్కొన్న పంచాంగములు నాలుగే: గ్రెగోరియన్, జూలియన్, ఫ్రెంచి విప్లవ పంచాంగము, యూదుల పంచాంగము. కనుక క్రీస్తుశకమును తేదీ గడిలో వ్రాసి, కాగితములోని మాటను ఉన్నదున్నట్లు వివరణలో వ్రాయవలెను.

ఎన్నికకు ముందు నాలుగు పరీక్షలు చాలును. తెలుగు అక్షరములు చెడకుండ మరియొక ప్రోగ్రాములోనికి పోవుచున్నవా? ఇంటిపేరు ముందు వ్రాయనిచ్చునా, స్త్రీల పుట్టింటిపేరు నిలుచునా? మేనరికమునందు ఒకే వ్యక్తిని రెండుమార్లు సృష్టింపక, ఒక్కనినే రెండు స్థానములలో చూపునా? వివరములన్నియు గెడ్‌కామ్ రూపమున వెలికి వచ్చునా? అక్క కుమార్తెను వివాహమాడిన ఒక కల్పిత కుటుంబమును పదిమందితో వ్రాసి, ఒక ప్రోగ్రాము నుండి వేరొకదానికి పంపిన, అరగంటలో ఫలితము తెలియును.

ఈ పరీక్షను తరగతిలో విద్యార్థులచే చేయింపవచ్చును. దానికంటె ముందు చేయవలసినది మరియొకటి కలదు. ఇంటిలోని వృద్ధులను అడిగి, వారు చెప్పిన పేర్లను చెప్పినవారి పేరుతోను, తేదీతోను కాగితముపై వ్రాసికొనవలెను. మంచి ప్రోగ్రాము రేపైనను దొరకును. చెప్పగల పెద్దలు రేపటివరకు ఉందురను నమ్మకము లేదు.