సాంథోం బసిలికా నేర్పే చరిత్ర పాఠం

విహారయాత్ర వేరు, విజ్ఞానయాత్ర వేరు. మొదటిది మనస్సుకు విశ్రాంతినిస్తే, రెండవది మనస్సుకు పని కల్పిస్తుంది. తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల విద్యార్థులు రైలెక్కి వెళ్ళి ఒక్క రోజులో చూచి రాదగిన చారిత్రక స్థలాలలో చెన్నై మైలాపూరు సముద్రతీరాన వెలసిన సాంథోం బసిలికా ముఖ్యమైనది. మన బాలబాలికలకు దానిని చూపునపుడు చెప్పవలసిన విషయాలను ఈ సంచిక పాఠకులతో పంచుకొనదలచాను.

ముందుగా పేరును గూర్చి. 'బసిలికా' అన్నది గ్రీకు మూలం గల పదం. రాజసంబంధమైన మందిరమని దాని అర్థం. రోమను సామ్రాజ్యంలో న్యాయవిచారణలు, వర్తక వ్యవహారాలు జరిగే విశాలమైన సభాశాలను అలా పిలిచేవారు. కాలక్రమాన అది పోపు కొన్ని చర్చీలకు ప్రసాదించే గౌరవనామమైంది. సాంథోం దేవాలయానికి ఆ గౌరవం 1956లో లభించింది. పోర్చుగీసువారు 16వ శతాబ్దిలో కట్టిన చర్చి స్థానంలో నేటి గోథిక్ శైలి కట్టడం 1896లో పూర్తయింది. తెల్లని గోడలు, 155 అడుగుల శిఖరం, రంగుటద్దాల కిటికీలు దూరం నుండే కన్నులకు ఇంపు గొలుపుతాయి.

గైడు ముందుగా భవనాన్ని చూపి, ఆ తరువాత భూగర్భ మందిరంలోని సమాధి వద్దకు తీసుకొని వెళతాడు. యేసుక్రీస్తు పన్నెండుగురు శిష్యులలో ఒకడైన తోమా క్రీ.శ. 52లో కేరళ తీరం చేరి, 72లో నేటి సెయింట్ థామస్ మౌంట్ వద్ద మరణించాడని, ఆయనను ఇక్కడ సమాధి చేశారని సంప్రదాయం. అస్థికలలో అధికభాగం ప్రాచీన కాలంలోనే ఎడెస్సా నగరానికి చేరిందని, అక్కడ నుండి కియోస్ ద్వీపం మీదుగా 1258లో ఇటలీలోని ఓర్తోనాకు వెళ్ళిందని కూడా ఆ సంప్రదాయమే చెబుతుంది.

ఇక్కడనే చురుకైన విద్యార్థి, "ఇదంతా నిజమేనా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నను అణచివేయరాదు. విశ్వాసులను నొప్పించే వెటకారమూ తగదు. సాక్ష్యాలను వరుసగా పేర్చి చూపడమే ఉపాధ్యాయుని ధర్మం. 3వ శతాబ్దికి చెందిన సిరియాక్ గ్రంథం 'తోమా చర్యలు' గుండఫోరస్ అనే భారతీయ రాజును పేర్కొన్నది. అది కల్పితమైన పేరని పలువురు తలచారు. 19వ శతాబ్దిలో వాయవ్య భారతాన ఆ రాజు నాణేలు దొరికాయి. దీనివల్ల రాజు ఉన్నాడని రుజువైంది కాని, తోమా మైలాపూరు వచ్చాడని రుజువు కాలేదు. 13వ శతాబ్ది చివర ఈ దేశానికి వచ్చిన మార్కోపోలో ఇక్కడి సమాధిని వర్ణించాడు. అనగా పోర్చుగీసులకు చాలా ముందే ఈ నమ్మకం స్థిరపడి ఉన్నది. నమ్మకం ఎంత పాతదో చరిత్ర చెప్పగలదు. నమ్మవలెనా వద్దా అన్నది మాత్రం ఎవరి మనస్సుకు వారే తేల్చుకొనవలెను.

మరొక కఠినమైన విషయమూ ఉన్నది. పూర్వపు కపాలీశ్వరాలయం ఈ సముద్రతీరాననే ఉండేదనీ, పోర్చుగీసుల కాలంలో నాశనమైనదనీ పలువురు చరిత్రకారుల అభిప్రాయం. సాంథోం ప్రాంగణంలో పాత ఆలయ శాసన శకలాలు లభించాయి. పిల్లల నుండి దీనిని దాచరాదు. దాని పేరు చెప్పి నేడు అక్కడ మోకరిల్లి ప్రార్థించే సామాన్యులను దూషించనూ రాదు. ఈ రెంటినీ కలిపి నేర్పగలిగినపుడే చరిత్రబోధన సార్థకమవుతుంది.

ఈ స్థలానికి తెలుగువారితోను సంబంధం కలదు. విజయనగర సామ్రాజ్యాన్ని నడిపిన అళియ రామరాయలు 1558 ప్రాంతంలో సాంథోంపై దండెత్తి పోర్చుగీసుల నుండి ధనం రాబట్టాడు. దీనికి ఉత్తరాన కొద్ది మైళ్ళ దూరంలో 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్లేయులకు స్థలమిచ్చాడు. అక్కడ వెలసిన కోటయే మద్రాసు మహానగరానికి మొలక. 1662లో సాంథోం గోల్కొండ వశమైంది. 1672లో ఫ్రెంచివారు పట్టుకొన్నారు. 1674లో మరల గోల్కొండకు దక్కింది. 1749లో ఆంగ్లేయుల చేత చిక్కింది. ఒక్క తీరాన ఇన్ని జెండాలు ఎగిరి దిగాయి.

సరిహద్దులు మారడం మన తల్లిదండ్రులకు పుస్తకాలలో చదివిన సంగతి కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇండ్లు, పొలాలు, బడులు ఉన్నచోటనే ఉన్నాయి, రాష్ట్రం మారింది. 2006 నాటి తమిళ అధ్యయన చట్టంతో తమిళం 1వ తరగతి నుండి క్రమంగా తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మనకు భారం కాదు, ఇరుగుపొరుగుతో బంధుత్వం. అయితే తెలుగు చదువరాని తరం వస్తే, దామెర్ల వారి పేరు మన పిల్లలకు పరాయిదవుతుంది. గైడు తమిళంలోనో ఆంగ్లంలోనో చెప్పినదానిని మన బిడ్డలు సాయంత్రం తెలుగులో వ్యాసంగా వ్రాయగలిగితే, మన పాఠశాల ఆశయం నెరవేరినట్లే.

75 వసంతాలు నిండిన ఈ శుభవేళ తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. సెలవు రోజున పిల్లలను చారిత్రక స్థలాలకు తీసుకొని వెళ్ళండి. గుడియైనా, మసీదైనా, చర్చియైనా గౌరవంతో ప్రవేశించి, ప్రశ్నతో వెలుపలికి రావడం నేర్పండి. మిగిలిన పని మా ఉపాధ్యాయులు చూచుకొంటారు.