మా అడ్రసు గ్రాంట్ రోడ్డు

మా ఇంట్లో పాత ఉత్తరాల కట్ట ఒకటుంది. నిజామాబాద్ జిల్లా నుంచి మా తాతకు వచ్చినవి. అన్నిటి మీదా అడ్రసు ఒకటే: చాల్ పేరు, ఖోలి నంబరు, గ్రాంట్ రోడ్డు, బొంబాయి-8. మేం ఉన్నది కామాటిపురాలో. ఆ పేరు ఒక్క కవరు మీద కూడా లేదు. ఎందుకు లేదో ముంబయి తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పిల్లలకు మాత్రం చెప్పాలి.

ముందు స్టేషన్ సంగతి. 1835 నుంచి 1838 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న రాబర్ట్ గ్రాంట్ పేరు ఆ రోడ్డుకు పెట్టారు, రోడ్డు పేరు స్టేషనుకు వచ్చింది. సూరత్ వైపు నుంచి వేసిన బి.బి.సి.ఐ. రైలు మార్గం 1864లో గ్రాంట్ రోడ్డు దాకా వచ్చింది. అప్పటికి బండి అక్కడే ఆగిపోయేది. తర్వాత పట్టాలు దక్షిణానికి సాగాయి. 1867 ఏప్రిల్ 12న విరార్ నుంచి బ్యాక్ బే దాకా మొదటి లోకల్ నడిచింది, రోజుకు ఒకటే బండి. 1928 జనవరిలో కరెంటు బండ్లు వచ్చాయి. 1930 డిసెంబరులో పక్కనే పెద్ద బాంబే సెంట్రల్ తెరిచారు. అక్కడి లోకల్ స్టేషనుకు అంతకు ముందు పేరు బెలాసిస్ రోడ్డు.

పట్టాలు పడకముందే మనవాళ్ళు ఇక్కడున్నారు. నైజాం ఇలాకా నుంచి కట్టడాల పనికి వచ్చిన కామాటీల పేరు మీదే ఆ పేటకు కామాటిపురా అని పేరు. రాళ్ళు మోసి, సున్నం కలిపి ఈ షహర్ కట్టినవాళ్ళు వాళ్ళు. తర్వాత మిల్లుల్లో పనికి కరీంనగర్, నల్గొండ దిక్కు నుంచి పద్మశాలీలు కూడా బొంబాయి చేరారు.

మా తాత మీటర్ గేజ్ బండిలో మన్మాడ్ దాకా వచ్చి, అక్కడ పెద్ద బండి పట్టుకొని దాదర్‌లో దిగాడట. నెత్తి మీద మూట, చేతిలో సత్తు చెంబు. వంతెన దాటి ఇవతలి లైనుకొచ్చి స్లో లోకల్ ఎక్కాడు. "గ్రాంట్ రోడ్డు కాడ దిగు, ఎవల్నడిగినా మనోళ్ళ గల్లీ చూపిస్తరు" అని ఊర్లో చెప్పి పంపారు. అట్లనే దొరికింది.

బాపు లోయర్ పరేల్‌లో మిల్లు పని చేసేవాడు. గ్రాంట్ రోడ్డు నుంచి మూడో స్టేషన్. స్లో బండే దిక్కు. నెల పాస్ చొక్కా జేబులో, డబ్బా చేతిలో. "కహాఁ రహతే హో?" అని ఎవరైనా అడిగితే జవాబు "గ్రాంట్ రోడ్డు". కామాటిపురా అంటే అడిగినవాడి ముఖం మారేది. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచే ఆ గల్లీలకు వేరే పేరు పడింది. అక్కకు సంబంధాలు చూసినప్పుడు కూడా మావాళ్ళు స్టేషన్ పేరే చెప్పారు. ఒక సంబంధం వాళ్ళు ఇల్లు చూడడానికి వచ్చి, గల్లీ మొదట్లోనే ఆగి వెనక్కి వెళ్ళిపోయారు. అవ్వ ఆ రోజు వండిన బూరెలు చాల్‌లో అందరికీ పంచింది. కింది గల్లీలో బతుకు ఈడ్చే ఆడవాళ్ళకు కూడా ఇచ్చింది. "వాళ్ళేం జేసిన్రు మనకు?" అన్నది.

పేర్లు మారుతుంటాయి. బెలాసిస్ రోడ్డు స్టేషన్ ముంబయి సెంట్రల్ అయింది, ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు ప్రభాదేవి అయింది. మూడేళ్ళు గవర్నరు చేసిన గ్రాంట్ పేరు మాత్రం ఇంకా బోర్డు మీదుంది. మన పేరు ఈ షహర్‌లో ఒక పేటకు ఉంది. దాన్ని మనమే నోట్లో దాచుకున్నాం.

ఇప్పుడు పాత చాళ్ళు పడగొట్టి కొత్తవి కడతామంటున్నారు. మావాళ్ళు చాలామంది దూరం స్టేషన్లకు వెళ్ళిపోయారు. మొన్న నా మనవరాలు బడిలో రాసుకెళ్ళడానికి "మన పాత ఇల్లు ఎక్కడ తాతా?" అని అడిగింది. అలవాటుగా గ్రాంట్ రోడ్డు అనబోయి ఆగాను. కామాటిపురా అని రాయమన్నాను. స్పెల్లింగ్ నేనే చెప్పాను.