ఓచరు లేని చరిత్ర: ఒక డిజిటల్ గ్రంథాలయం కథ

2006లో అనుకుంటాను, మా కాలనీ పార్కులో పొద్దున్నే నాతోబాటు నడిచే మిత్రుడొకాయన ఈ-మెయిలు ప్రింటు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. పాత పేపరు కత్తిరింపులాగా ముస్తాబు చేసిన కాగితం. 1835 ఫిబ్రవరి 2న మెకాలే బ్రిటిషు పార్లమెంటులో మాట్లాడాడట. భారతదేశం నలుమూలలా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడూ ఒక్క దొంగా కనబడలేదనీ, ఈ దేశాన్ని లొంగదీయాలంటే ముందు దీని సంస్కృతిని దెబ్బతీయాలనీ అందులోని సారాంశం.

"చూశారా సార్, వాడి నోటితోనే ఒప్పుకున్నాడు!" అన్నారాయన.

నేను రక్షణ శాఖ పద్దుల విభాగంలో పనిచేసినవాణ్ణి. చదివింది బీకాం. చరిత్రలో నాకు పట్టా లేదు. కాని బిల్లు చేతికొస్తే మొత్తం కంటే ముందు తేదీ చూడటం, ఆ తర్వాత ఓచరు అడగటం అప్పటికే పాతికేళ్ల అలవాటు. ఆ రోజూ అదే అడిగాను.

"దీనికి ఓచరేదండీ?"

"ఇంటర్నెట్‌లో ఉంది కదా!"

నాకు కావలసిన ఓచరు బ్రిటిషు పార్లమెంటు చర్చల సంపుటం. దాన్ని హాన్సార్డ్ అంటారు. దానికోసం రెండు ఆదివారాలు ఒక పెద్ద గ్రంథాలయానికి తిరిగాను. కార్డు ఉంది, బీరువాలో పుస్తకం లేదు. మూడో వారం మానేశాను. మిత్రుడి కాగితం మాత్రం ఊరంతా తిరుగుతూనే ఉంది.

కొన్నేళ్లకు హాన్సార్డ్ పాత సంపుటాలు కంప్యూటరులోకి వచ్చాయి. మెకాలే మేనల్లుడు ట్రెవెల్యన్ 1876లో అచ్చువేసిన జీవితచరిత్ర స్కాన్ ప్రతీ దొరికింది. మూడో వారం వదిలేసిన పని కుర్చీలోంచి లేవకుండా ఒక్క సాయంత్రంలో తేలిపోయింది.

ఒకటి: మెకాలే 1834 జూన్‌లోనే మద్రాసులో ఓడ దిగాడు. 1835 ఫిబ్రవరి 2న కలకత్తాలో కూర్చుని విద్య మీద తన సుప్రసిద్ధమైన మినిట్ మీద సంతకం చేశాడు. అదే రోజు లండన్‌లో ప్రసంగించడం ఎవరివల్లా కాదు. రెండు: ఆ రోజు అసలు పార్లమెంటే లేదు. పాతది 1834 డిసెంబరులో రద్దయింది, ఎన్నికల తర్వాత కొత్తది ఫిబ్రవరి 19న గాని కొలువుతీరలేదు. మూడు: భారతదేశ పాలన గురించి ఆయన పార్లమెంటులో నిజంగా చేసిన పెద్ద ప్రసంగం 1833 జులై 10 నాటిది. అప్పటికి ఆయన ఈ దేశం మొహమే చూడలేదు. ఆ ప్రసంగంలో గాని, కలకత్తా మినిట్‌లో గాని ఈ మాటలు లేవు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. భారత, అరబ్బు సాహిత్యం యావత్తూ కలిపినా మంచి యూరపు గ్రంథాలయంలోని ఒక్క అరకు సాటిరాదని మెకాలే ఆ మినిట్‌లో నిజంగానే రాశాడు. ఆయన్ని నిలదీయాలంటే ఆ అసలు ఓచరే చాలు. చేతిలో అసలు ఉండగా నకిలీ బిల్లు పెట్టుకోవడం ఎందుకు? నకిలీ బయటపడ్డ రోజున అసలు కేసు కూడా కొట్టుకుపోతుంది. పద్దుల శాఖలో ఇది చూడనివాడు లేడు.

అయితే ఈ వ్యాసం మెకాలే గురించి కాదు. ఆ ఒక్క సాయంత్రం నాకు ఎలా దొరికిందన్న దాని గురించి. హేతువాదులం "ఆధారం చూపించు" అంటాం. ఆ ఆధారం ఏ బీరువాలో ఉంది, దాన్ని ఎవరు కాపాడుతున్నారు, దాని చిట్టా ఎవరు రాస్తున్నారు అని మాత్రం ఎప్పుడూ అడగం.

మన దేశంలో ఈ పని భారీయెత్తున మొదలైంది మిలియన్ బుక్ ప్రాజెక్టుతో. దాని సూత్రధారి రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న మనిషి. ఇక్కడ బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ముందు నడిచింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల స్కానింగు కేంద్రాలు వెలిశాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పోర్టల్‌ని 2003 సెప్టెంబరు 8న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. 2007 నవంబరులో కార్నెగీ మెలన్ ఒక ప్రకటన చేసింది. ఇండియా, చైనా, ఈజిప్టు కేంద్రాలు కలిసి 15 లక్షల పుస్తకాలు దాటాయి. అందులో చైనా భాషవి 9 లక్షల 70 వేలు, ఇంగ్లీషువి 3 లక్షల 60 వేలు, తెలుగువి సుమారు 50 వేలు. ఆ లెక్క చదివినప్పుడు నా ఛాతీ కాస్త ఉబ్బిన మాట నిజం.

ఆ తర్వాత వెతకడానికి కూర్చున్నాను. ఛాతీ యథాస్థితికి వచ్చింది.

పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ఒక్కో కేంద్రంలో ఒక్కో రకం స్పెల్లింగు. వేమన కోసం వెతకాలంటే 'వి' తర్వాత 'ఇ' ఒకటి కొట్టాలా, రెండు కొట్టాలా? ఒక దీర్ఘం తప్పితే పుస్తకం లేనట్టే. కొన్నింట రచయిత గడిలో ప్రకాశకుడి పేరు. కొన్నింట సంవత్సరం ఖాళీ. మధ్యలో పేజీలు లేని పుస్తకాలున్నాయి. ఒకే పుస్తకం రెండుసార్లు స్కాన్ అయినవీ ఉన్నాయి. పైగా పుస్తకం మొత్తంగా రాదు, ఒక్కో పుట ఒక్కో టిఫ్ బొమ్మగా తెరుచుకుంటుంది. విసిగిపోయిన పాఠకులే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుని, పుటలన్నీ దించి ఒకే పీడీఎఫ్‌గా కుట్టుకున్నారు. ఏ పుస్తకం ఎక్కడుందో తెలియడానికి తెలుగు వికీపీడియా కార్యకర్తలు తెలుగు పుస్తకాల జాబితాలు కూర్చారు. జీతం బత్తెం లేని పని అది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మామూలు కంప్యూటర్లలో అది సవ్యంగా కనబడటానికి చాలా ఏళ్లు పట్టింది. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు ఉన్న రోజులవి. అచ్చు బొమ్మని చూసి తెలుగు అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేరు అప్పట్లో నమ్మదగినదిగా లేదు. కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించడాన్ని నేను తప్పుపట్టను.

కాని చిట్టా ఎలా రాయాలో తెలియక మాత్రం కాదు. పుస్తకం పేరు, కర్త, ప్రకాశకుడు, తేదీ, భాష ఇలా గడులతో డబ్లిన్ కోర్ అనే పద్ధతి 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రూపుదిద్దుకుంది. సాఫ్ట్‌వేరు లేకా కాదు. న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం తయారుచేసిన గ్రీన్‌స్టోన్‌ని 2000 నుంచి యునెస్కో తోడ్పాటుతో ఉచితంగా పంచారు. అదే దేశంలో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయాల పాత సాఫ్ట్‌వేరుకు 2000 సంవత్సరం దాటే సామర్థ్యం లేకపోతే, కొత్తది రాయించుకుని లోకానికి ఊరికే ఇచ్చేశారు. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక అని అర్థం. మన హైదరాబాదులో పుట్టిన న్యూజెన్‌లిబ్‌ని కూడా 2008లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడుదల చేశారు.

మరి లోపం ఎక్కడ? నా అభిప్రాయం చెబుతాను. పథకం పేరులోనే అంకె ఉంది: మిలియన్. అంకె లక్ష్యమైన చోట అంకె నిండుతుంది, పక్క గడి ఖాళీగా ఉండిపోతుంది. చదువరి సమయం వృథా కారాదన్నది గ్రంథాలయ శాస్త్రంలో ఒక ప్రాథమిక సూత్రమని, మద్రాసులో లెక్కల మాస్టారుగా ఉండి గ్రంథపాలకుడైన రంగనాథన్ గారు 1931లోనే పుస్తకం రాశారు. లెక్కల మాస్టారికి తెలుసు, లెక్కింపు వేరు, లెక్క వేరు.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. నేను పనిచేసిన ఒకానొక కార్యాలయంలో 1990ల్లో పాత రిజిస్టర్లు కంప్యూటరులోకి ఎక్కించారు. రోజుకి ఎన్ని ఎంట్రీలు అన్నదొక్కటే పైవాళ్లు అడిగేది. పని పూర్తయిందని రిజిస్టర్లు తూకానికి అమ్మేశారు. కొన్నాళ్లకు ఒక జవాను భార్య కుటుంబ పింఛను కోసం వచ్చింది. మెషీన్ "లేదు" అంది. ఆవిడ నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ అదే జవాబు. చివరికి ఆ జవాను పాత యూనిట్‌లో కార్బన్ కాపీ ఒకటి దొరికింది. చూస్తే పేరులో ఒక్క అక్షరం తేడా. పదకొండు నెలలు ఆవిడ వంటింట్లో పొయ్యి ఎలా వెలిగిందో నేను అడగలేదు. అడిగే మొహం లేదు. చిట్టాలో తప్పు పడితే మనిషి బతికుండగానే మాయమవుతాడు. పుస్తకమూ అంతే.

మళ్లీ కథలోకి వస్తాను. 2017 నాటికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడింది. కాపీహక్కుల గొడవ ఒకటి దానికి తోడైంది. అదృష్టం ఏమిటంటే, అప్పటికే అమెరికాకు చెందిన కార్ల్ మలమూద్ అనే ఆయన 4 లక్షలకు పైగా పుస్తకాల నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవులో పెట్టారు. ఈ రోజుకీ అక్కడ పాత తెలుగు పుస్తకం తెరిస్తే, చిరునామాలో 'డీఎల్ఐ 2015' అన్న గుర్తు తరచు కనబడుతుంది. మనం పోగొట్టుకున్న బీరువా తాలూకు నంబరు అది. పేరులోని పాత తప్పులూ చాలావరకు అలాగే ఉన్నాయి. నకలు తీసినవాడు ఓచరుని కాపాడాడు, చిట్టాని దిద్దే పని ఇంకా మనదే.

ఆ ఆర్కైవులో నాకు బాగా నచ్చినది ఒకటుంది. ప్రతి ఫైలుకూ ఒక పొడుగాటి సంఖ్య రాసి ఉంటుంది. హాష్ అంటారు. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. మా శాఖలో కూడా బిల్లుల కట్ట మీద ఖాతా నంబర్లన్నీ కూడి ఒక మొత్తం వేసేవాళ్లం. దానికి డబ్బు విలువ లేదు. కట్టలోంచి ఎవరైనా ఒక బిల్లు లాగేస్తే తెలియడానికి మాత్రమే. దాన్ని మేమూ హాష్ టోటల్ అనే అనేవాళ్లం. "నమ్మకం వద్దు, సరిచూసుకో" అన్న హేతువాద సూత్రానికి ఇంతకంటే సాదా రూపం నేను చూడలేదు.

అయితే ఒక్క చోట ఉన్న నకలు కూడా ఒక్క నకలే. 2024 అక్టోబరులో సైబర్ దాడి వల్ల ఇంటర్నెట్ ఆర్కైవే కొన్ని రోజులు మూతపడింది. ఒకే చోట అన్నీ పెట్టుకుంటే ఏమవుతుందో మన పొరుగువాళ్లకి బాగా తెలుసు. శ్రీలంకలో జాఫ్నా గ్రంథాలయాన్ని 1981లో తగలబెట్టారు. సుమారు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. వాటిలో మరో ప్రతి లేనివి ఇక లేవు. తర్వాత 2005లో శ్రీలంక తమిళుల స్వచ్ఛంద కార్యకర్తలు 'నూలహం' అనే డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టారు. పేరూ, కర్తా, సంవత్సరం తమ లిపిలోనే, ఒక్కో పుస్తకానికీ ఒక్కో పుట. మంట చూసినవాళ్లకి చిట్టా విలువ తెలిసింది.

ఇక మన సంగతి. ఒకసారి ఒక సభలో నేను ఒక ప్రఖ్యాత శాస్త్రవేత్త మాటని గొప్పగా ఉదహరించాను. దేవుడి మీద విసురు, చప్పట్లు బాగా పడ్డాయి. సభ అయ్యాక డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి "అది ఆయన ఎక్కడ రాశారు మాస్టారూ?" అంది. ఇంటికెళ్లి మూడు రోజులు వెతికాను. ఎక్కడా లేదు. నేనూ ఇంటర్నెట్‌లో ఉందనే నమ్మాను. మెకాలే కాగితం తెచ్చిన మిత్రుడికీ నాకూ ఉన్న తేడా ఇంతేనా అనిపించింది. తర్వాతి సభలో ఆ మాట వెనక్కి తీసుకున్నాను. చప్పట్లు పడలేదు.

అందుకని మిత్రులకు నా విన్నపం రెండే. ఏదైనా ఉదహరిస్తే పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పుట సంఖ్య ఇవ్వండి. మన పక్షం మాటకైతే రెండుసార్లు సరిచూడండి. రెండోది, మీ ఊరి గ్రంథాలయంలో పాత పుస్తకం స్కాన్ అవుతుంటే కూర్చుని దాని చిట్టా సరిగ్గా రాయించండి. పేరు తెలుగులో, సంవత్సరం అట్ట లోపల ఉన్నది ఉన్నట్టు, లేని పేజీల నంబర్లతో సహా. పేజీ లేదని రాయడం కూడా నిజాయితీయే.

హాన్సార్డ్ ప్రింటు మిత్రుడికి చూపించాను. చాలాసేపు చూశారు. "పార్లమెంటే లేదా ఆ రోజు?" అన్నారు. లేదన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మారారని చెప్పలేను. కాని మరో నెలకి ఇంకో ప్రింటు తెచ్చినప్పుడు, నేను నోరు విప్పకముందే ఆయనే అన్నారు: "దీనికి ఓచరు దొరకలేదు సార్, మీరోసారి చూడండి."