ప్రజాధనం, బొగ్గు, పల్లె దీపం

బొగ్గు మీద ప్రజాధనం పెట్టవలసి వచ్చినప్పుడల్లా మన ప్రభుత్వాలు బీదవాని పేరు చెప్పాయి. ఇప్పుడు ఆ పెట్టుబడి ఆపాలనేవారు కూడా బీదవాని పేరే చెబుతున్నారు. ఎండలు ముదిరినా వానలు తప్పినా ముందు నష్టపోయేది అతడే కనుక బొగ్గుకు అప్పు పుట్టరాదని ఒక పక్షం. దీపం లేని ఇంటికి దీపం రావాలంటే బొగ్గు తప్పదని రెండవ పక్షం. ఈ వాదాలను తూచి చూడడానికి తెలంగాణ చరిత్ర మనకు బాగా పనికివస్తుంది. బొగ్గుకు ప్రజాధనం ధారపోసిన అనుభవం మనకు నూట నలభై ఏళ్లుగా ఉన్నది. ఆ ధనానికీ పల్లెలోని దీపానికీ ఉన్న సంబంధమేమిటో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను నిజామాబాదు జిల్లా సిరికొండ ప్రాంతంలో పుట్టినవాణ్ణి. పడమట బోధను, వర్ని పల్లాలకు నిజాంసాగరు కాలువ నీళ్లు పారుతాయి. మాది మెట్ట. మాకు చెరువూ బావీ, ఆ తరువాత బోరూ దిక్కు. మా అమ్మ బీడీలు చుట్టేది. పొద్దుగూకిన తరువాత చాట ఒడిలో పెట్టుకొని, కందీలు దగ్గరికి జరుపుకొని కూర్చునేది. మరునాడు కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలంటే రాత్రి పని తప్పదు. గాసునూనె ఖర్చు ఆమె కూలిలోనుంచే పోయేది. మా వాడ మీదుగానే కరెంటు తీగ పోయింది. పోయి, చెరువు వెనక బావుల దగ్గర ఆగింది. అక్కడ మోటార్లు నడుస్తుండగా మా ఇంట్లో కందీలు వెలిగిన సంవత్సరాలు చాలా ఉన్నాయి. చిన్నతనంలో ఇది మా వాడ దురదృష్టమనుకున్నాను. దీని వెనక ఒక చరిత్ర ఉన్నదని తరువాత చదువుకొని తెలుసుకున్నాను.

1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన కింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. బొగ్గు కదలాలంటే రైలు కావాలి. 1883లో నిజాం గ్యారంటీ రైల్వే కంపెనీ ఏర్పడింది. ఆ పేరులోని గ్యారంటీ ఎవరికి? రైలుకు లాభం వచ్చినా రాకపోయినా, ఇరవై ఏళ్లపాటు నూటికి అయిదు వంతున వాటాదారులకు వడ్డీ ముట్టజెప్పుతామని నిజాం ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ ప్రభుత్వపు ఖజానాకు పెద్ద ఆదరువు రైతు కట్టే భూమిశిస్తు. అంటే, ఇంగ్లండు వాటాదారుని నష్టభయానికి దక్కను రైతు జామీను నిలిచాడన్న మాట.

1886లో గనుల హక్కు హైదరాబాదు (దక్కను) కంపెనీకి దక్కింది. అదీ ఇంగ్లండులో పుట్టిన కంపెనీయే. ఈ వ్యవహారంలో రాజ్యం తరఫున నడిచిన అధికారి అబ్దుల్ హఖ్. రాజ్యం కోసం బజారులో వాటాలు కొంటున్నానని చెప్పి, తన చేతిలో ఉన్న వాటాలనే రాజ్యానికి అంటగట్టాడని బయటపడింది. 1888లో బ్రిటిషు పార్లమెంటు ఒక సంఘాన్ని నియమించి దీన్ని విచారించింది. అబ్దుల్ హఖ్ ఉద్యోగం పోయింది. గనులు మాత్రం కంపెనీ చేతిలోనే ఉన్నాయి. బొగ్గుకు ప్రజాధనం పెట్టడం మన నేల మీద ఈ విధంగా ఆరంభమైంది. అప్పటికి పల్లె దీపం ఊసు ఎవరి నోటా లేదు.

1920లో హుస్సేనుసాగరు ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం వెలసింది. అది రాజధాని అవసరాలకు పుట్టినది. 1931 నాటికి నిజాంసాగరు పూర్తయింది. ఆ కాలువల కింద చెరుకు విస్తరించగా 1937లో బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఇదీ రాజ్యం పూనికతో జరిగినదే. చక్కెర ఫ్యాక్టరీ బాయిలరుకు చెరుకు పిప్పే ఇంధనం. బొగ్గు లేకుండా కూడా యంత్రాన్ని నడపవచ్చునని మా జిల్లా ఆ నాడే చూసింది. 1945లో హైదరాబాదు రాజ్యం సింగరేణి కంపెనీలో అధిక వాటాలు కొన్నది. దానితో బొగ్గుగని రాజ్యపు ఆస్తి అయింది. గని ప్రజల పేరిట నమోదయినంత మాత్రాన దాని వెలుగు ప్రజల ఇళ్లకు చేరిపోలేదు.

చేర్చవలసిన పని స్వాతంత్ర్యం తరువాత మిగిలింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. 1969లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించింది. పల్లెలకు తీగలు లాగడానికీ, పంపుసెట్లకు కరెంటు ఇవ్వడానికీ అప్పు పెట్టడమే దాని పని. మాకు ఆగ్నేయంగా గుట్టలు దాటితే సిరిసిల్ల ప్రాంతం. అక్కడ 1970లో ఆ సంస్థ అప్పుతో సహకార విద్యుత్ సంఘం ఏర్పడింది. దేశంలో మొదట పెట్టిన అయిదు సంఘాలలో అది ఒకటి. కరెంటు వాడుకొనేవారే అందులో సభ్యులు. బొగ్గుకని కాకుండా దీపానికని ప్రజాధనం ఖర్చు చేసిన తొలి ప్రయత్నాలలో దీన్ని లెక్కించాలి.

అయితే ఆ కాలపు సర్కారీ లెక్కలో ఒక కిటుకు ఉన్నది. ఒక గ్రామం సరిహద్దులో ఏ పనికైనా సరే కరెంటు వాడితే చాలు, ఆ గ్రామానికి విద్యుత్తు వచ్చినట్టే. 1997 దాకా ఇదే నిర్వచనం. చెరువు వెనక ఒక్క మోటారు తిరిగితే వాడలో కందీళ్లన్నీ కాగితం మీద ఆరిపోయినట్టే! మా అమ్మ గాసునూనె కొంటున్న రోజుల్లోనే మా ఊరు విద్యుత్తు వచ్చిన ఊళ్ల జాబితాకు ఎట్లా అర్హమైందో ఈ నిర్వచనం చదివాకే నాకు బోధపడింది. కనీసం నూటికి పది ఇళ్లకైనా కరెంటు ఉండాలనే నియమం 2004లో గాని రాలేదు.

ఇక రామగుండం. 1979లో ప్రపంచ బ్యాంకు అప్పు మంజూరయింది. 1983లో మొదటి యూనిట్ నడిచింది. ఆ మహాకేంద్రం లేకుండా మా మెట్ట బోర్లకు కరెంటు అందేదా అని ఎవరైనా అడిగితే, అందడం కష్టమేనని ఒప్పుకుంటాను. కాలువ నీరు పల్లానికి తనంతట పారుతుంది. బోరు నీరు మోటారు లాగితే గాని పైకి రాదు. కాలువ తవ్వించినది రాజ్యం; బోరు వేయించుకున్నది రైతు, అదీ అప్పు చేసి. కనుక మెట్టరైతుకు కరెంటు అంటే నీళ్లే. బొగ్గును తిట్టేవారు ఈ సంగతి మరచిపోరాదు.

బొగ్గును పొగిడేవారు మరవరాని సంగతి కూడా ఉన్నది. బొగ్గు కేంద్రానికి అప్పిచ్చిన ప్రపంచ బ్యాంకే 1999లో విద్యుత్ సంస్కరణలకు అప్పిచ్చింది. బోర్డు ముక్కలయింది, ఛార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీరుబాగులో ఛార్జీల పెంపును ఎదిరించిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించడం వెనక ఆ ఉద్యమం ఉన్నది. ఏ బొగ్గు కేంద్రం అప్పుపత్రంలోనూ రైతు హక్కు రాసిపెట్టి లేదు. అది వీధిలో సాధించుకున్నది.

ఇప్పటి స్థితి చూడండి. పల్లె దీపం కోసం పుట్టిన ఆ గ్రామీణ విద్యుదీకరణ సంస్థే, 2015లో శంకుస్థాపన జరిగిన 4000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు కేంద్రానికి అప్పిచ్చింది. బోధను ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. పిప్పితో మండిన ఆ బాయిలరును నిలబెట్టడానికి పెట్టుబడి దొరకలేదు. విదేశాల్లో బొగ్గు, చమురు, సహజవాయువు పథకాలకు ప్రజాధనం ఆపుతామని 2021లో గ్లాస్గో సభలో ముప్పైకి పైగా దేశాలు ప్రతిజ్ఞ చేశాయి. బొగ్గుతో ధనవంతులైన దేశాలు అందులో ఉన్నాయి.

ధనం ఆపడం ఒక్కటే న్యాయమవుతుందా? కాదని మా జిల్లా చరిత్ర చెబుతున్నది. బొగ్గుకు ధనం పారిన ఎనభై ఏళ్లపాటు పల్లెకు దీపం రాలేదు. దీపం కోసమని వేరుగా ధనం కేటాయించినప్పుడు, దాన్ని జనం నిలదీసి అడిగినప్పుడు మాత్రమే వచ్చింది. రేపు బొగ్గు స్థానంలో సూర్యరశ్మికి అప్పులు పుట్టవచ్చు. అప్పుడు కూడా తీగ వాడ మీదుగా పోయి ఎక్కడ ఆగుతున్నదో మనం చూడాలి. ప్రభుత్వం ఎన్ని మెగావాట్లని లెక్క చెప్పినప్పుడు, ఎన్ని ఇళ్లలో, ఎంత ధరకు, ఎన్ని గంటలని ఎదురు లెక్క అడగాలి. రాత్రిపూట బీడీలు చుట్టే ఆడవాళ్లు మా వాడలో ఇంకా ఉన్నారు. ఆ లెక్క సరిగా ఉన్నదో లేదో వాళ్లే చెప్పగలరు.